కలిమా, హజ్, ఇవ్వకుండా మిగిలిన కూలి

అస్సలాము అలైకుమ్ సోదరా. మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ చాచా పరకాల దగ్గరి ఊళ్ళో పత్తి సాగు చేస్తారని, హజ్ చేసి వచ్చారని, ఐదు పూటలా మస్జిద్‌లో ముందు వరుసలో నిలబడతారని, అయినా నిరుడు పత్తి ఏరిన కూలీలలో కొందరికి ఇవ్వాల్సిన డబ్బు ఇంకా ఇవ్వలేదని రాశారు. మీరు ఆ సంగతి ఎత్తితే ఆయన, "కలిమా (విశ్వాస సాక్ష్యవాక్యం) చదివినవాడు ఎప్పటికైనా జన్నత్‌కు (స్వర్గానికి) పోతాడు, ఈ చిన్న చిన్న లెక్కలు అల్లాహ్ మాఫ్ చేస్తాడు" అన్నారు. ఈ సంగతి విన్న హనుమకొండలోని మీ హాస్టల్ దోస్తు, "అట్లయితే విశ్వాసంతో పనేముంది, మనిషి మంచిగా బతికితే చాలదా" అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట ఇస్లాంకు దగ్గరగా ఉందని మీరు అడిగారు.

నేను ముఫ్తీని, అంటే ధర్మతీర్పులు చెప్పే పండితుణ్ణి, కాను. ముప్పై ఏళ్ళకు పైగా వరంగల్‌లో ఇషా (రాత్రి) నమాజు తర్వాత తెలుగులో ఖుర్ఆన్ పాఠం చెబుతున్నాను. అంతకు ముందు ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాగా పనిచేశాను. మీ ప్రశ్న నాకు ఈ రెండు చోట్లనుంచీ తగిలింది కనుక కొంచెం విపులంగానే రాస్తున్నాను.

ఖుర్ఆన్‌లో 'విశ్వసించి, సత్కార్యాలు చేసినవారు' అనే మాట యాభైకి పైగా చోట్ల వస్తుంది. ఈమాన్, అమలె సాలిహ్ అనే ఆ రెండూ జంటగా నడుస్తాయి. అందరికీ నోటికి వచ్చే 103వ సూరా (అధ్యాయం) అల్ అస్ర్‌నే తీసుకోండి. మూడే ఆయతులు (వాక్యాలు). కాలం సాక్షిగా మానవుడు నష్టంలో ఉన్నాడని చెప్పి, ఆ నష్టం నుంచి బయటపడేవారికి నాలుగు గుర్తులు చెబుతుంది: విశ్వసించడం, సత్కార్యాలు చేయడం, ఒకరికొకరు సత్యాన్ని బోధించుకోవడం, సహనాన్ని బోధించుకోవడం. అక్కడ నష్టానికి వాడిన 'ఖుస్ర్' అనే మాట వ్యాపారులు లాభనష్టాల లెక్కలో వాడే మాట. పెట్టుబడి కరిగిపోతుంటే చూస్తూ కూర్చున్న మనిషిని అది గుర్తుకు తెస్తుంది. మీ చాచా రోజూ నమాజులో ఈ సూరా చదువుతూనే ఉంటారు. అందులో విశ్వాసం దగ్గర వాక్యం ముగిసిపోలేదని ఆయనకు గుర్తు చేయవచ్చు.

అయితే ఆయన మాట గాలిలోంచి పుట్టింది కాదు. దానికి ఆధారమైన హదీసులు, అంటే దైవప్రవక్త (స) మాటల, చేతల ఉల్లేఖనాలు, ఉన్నాయి, వాటిని దాచిపెట్టి జవాబు చెప్పడం న్యాయం కాదు. 'లా ఇలాహ ఇల్లల్లాహ్' (అల్లాహ్ తప్ప వేరే ఆరాధ్యుడు లేడు) అని పలికి, ఆ మాట మీదే మరణించినవాడు స్వర్గంలో ప్రవేశిస్తాడని దైవప్రవక్త (స) చెప్పగా, "అతడు వ్యభిచారం చేసినా, దొంగతనం చేసినా?" అని ఆయన అనుచరుడు అబూజర్ (ర) మళ్ళీ మళ్ళీ అడిగిన ఉదంతం బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. అవునన్నదే ఆయనకు వచ్చిన జవాబు. తిర్మిజీ అనే ఇంకో గ్రంథంలో మరో హదీసు ఉంది. ప్రళయదినాన ఒక మనిషి పాపాల చిట్టాలు తొంభై తొమ్మిది త్రాసులో ఒక పళ్ళెంలో పెడతారు. కలిమా రాసిన చిన్న కాగితం ముక్క రెండో పళ్ళెంలో పెడతారు. ఆ కాగితమే బరువు తూగుతుంది. ఈ హదీసులు నిరాశలో మునిగినవాడికి ప్రాణం పోస్తాయి. పాపాల బరువుతో కుంగిపోయి నా దగ్గరికి వచ్చినవారికి నేనూ ఇవే చెబుతాను.

కాని అదే బుఖారీలో మరో అనుచరుడు ముఆజ్ (ర) ఉదంతం కూడా ఉంది, దాన్ని మాత్రం మనవాళ్ళు ఎక్కువగా చెప్పరు. హృదయపూర్వకంగా ఈ సాక్ష్యం పలికినవాడిపై అల్లాహ్ నరకాగ్నిని నిషేధిస్తాడని దైవప్రవక్త (స) ముఆజ్‌కు చెప్పారు. ఈ శుభవార్తను అందరికీ చెప్పమంటారా అని ముఆజ్ అడిగితే, వద్దు, దాని మీదే ఆధారపడి కూర్చుంటారు అన్నారు. జ్ఞానాన్ని దాచిన పాపం తనకు అంటుతుందేమోనని భయపడి ముఆజ్ చివరికి మరణ సమయంలో ఆ మాట బయటపెట్టారు. అంటే మీ చాచా ఈనాడు చెబుతున్న మాట ఏ ప్రమాదానికి దారి తీస్తుందో దైవప్రవక్త (స) పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే పసిగట్టి హెచ్చరించారు. తొలి తరాల పండితుడు వహబ్ బిన్ మునబ్బిహ్‌ను ఒకరు, కలిమా స్వర్గానికి తాళంచెవి కాదా అని అడిగితే, తాళంచెవే, కాని పళ్ళు లేని తాళంచెవి ఉండదు, పళ్ళున్నది తెస్తేనే నీకు తలుపు తెరుచుకుంటుంది అని ఆయన జవాబిచ్చారు. ఇదీ బుఖారీలోనే ఉంది.

ఇక్కడ పాత చర్చ ఒకటి క్లుప్తంగా చెప్పాలి, ఎందుకంటే మీ చాచా విన్న సగం మాట అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం. ఇస్లాం తొలి శతాబ్దాల్లో ఖారిజీలు అనే వర్గం, పెద్ద పాపం చేసినవాడు విశ్వాసి కాకుండా పోతాడని వాదించింది. దానికి ఎదురుగా ముర్జియా వర్గంలోని అతివాదులు, విశ్వాసం ఉంటే ఏ పాపమూ హాని చేయదన్నంత దూరం పోయారు. రెండు వాదాలనూ పండితులు తిరస్కరించారు. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫిఈ, ఇమామ్ అహ్మద్, ఇమామ్ బుఖారీ మొదలైనవారు ఈమాన్ అంటే మాటా, చేతా రెండూ అని, అది పెరుగుతుంది, తరుగుతుంది అని చెప్పారు. 767లో మరణించిన ఇమామ్ అబూ హనీఫా మాత్రం ఈమాన్ అంటే హృదయంతో నమ్మడం, నోటితో ఒప్పుకోవడం అని నిర్వచించి, కర్మను ఆ నిర్వచనం బయట పెట్టారు. మన తెలంగాణ ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే, అంటే ఆయన సంప్రదాయాన్ని అనుసరించేవారే కనుక ఈ నిర్వచనం మన మస్జిదుల్లో తరచూ వినిపిస్తుంది. కర్మను నిర్వచనం బయట పెట్టడం వేరు, బాధ్యతల బయట పెట్టడం వేరు. నమాజు మానినవాడు, కూలి ఎగ్గొట్టినవాడు ముస్లిం కాకుండా పోడని చెప్పడానికే అబూ హనీఫా ఆ గీత గీశారు. వాడికి శిక్ష లేదని ఆయన ఎక్కడా అనలేదు.

ఆయన జీవితమే దానికి సాక్ష్యం. అబూ హనీఫా కూఫాలో బట్టల వ్యాపారి. లోపమున్న ఒక వస్త్రాన్ని భాగస్వామికి అప్పగించి, అమ్మేటప్పుడు ఆ లోపం చూపించి మరీ అమ్మమన్నారు. భాగస్వామి మరచిపోయి చెప్పకుండానే అమ్మేశాడు, కొన్నవాడెవడో తెలియలేదు. అబూ హనీఫా ఆ సరుకు మీద వచ్చిన డబ్బంతా దానం చేసేశారని ఆయన జీవితాన్ని రాసినవారు చెబుతారు. 'కర్మ ఈమాన్‌లో భాగం కాదు' అన్న ఇమాము ఒక్క గుడ్డ మీది మచ్చ కోసం అంత సొమ్ము వదులుకున్నారు. ఆయన పేరు చెప్పుకొనే మనం ఆయన నిర్వచనాన్ని మాత్రమే తీసుకొని ఆయన దుకాణాన్ని వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

సత్కార్యం అంటే ఏమిటన్నది దీనికన్నా ముఖ్యమైన విషయం. మన ఇళ్ళలో 'అమల్' అనగానే నఫిల్ (అదనపు) నమాజులు, తస్బీహ్‌లు (జపాలు), ఉమ్రాలు (మక్కా యాత్రలు) గుర్తుకొస్తాయి. ఖుర్ఆన్ పెట్టిన వరుస చూడండి. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చిన పదహారు, పదిహేడు నెలలకు కిబ్లా, అంటే నమాజులో తిరగాల్సిన దిశ, జెరూసలేం నుంచి కాబా వైపు మారింది. ఎటు తిరిగి నమాజు చేయాలన్న దాని మీద పెద్ద వాదన నడిచింది. రెండో సూరా 177వ ఆయత్, మీరు ముఖాలను తూర్పుకో పడమరకో తిప్పడమే పుణ్యం కాదు అంటూ మొదలై, అసలు పుణ్యం ఏమిటో వివరిస్తుంది. మొదట అల్లాహ్‌ను, అంతిమదినాన్ని, దైవదూతలను, గ్రంథాన్ని, ప్రవక్తలను విశ్వసించడం. వెంటనే, ప్రాణంలా చూసుకొనే ధనాన్ని బంధువులకు, అనాథలకు, నిరుపేదలకు, బాటసారులకు, యాచకులకు, బానిసల విముక్తికి ఇవ్వడం. నమాజు, జకాత్ (విధి దానం) ఆ తర్వాత వస్తాయి. వాటి తర్వాత ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, కష్టకాలంలో సహనం. నమాజు తక్కువదని దీని అర్థం కాదు, అది ధర్మానికి మూలస్తంభం. కాని విశ్వాసం అన్న మాట పూర్తి కాగానే ఖుర్ఆన్ చూపు మన జేబు మీద పడిందని గమనించకుండా ఉండలేం.

107వ సూరా అల్ మాఊన్ ఇంకా కఠినంగా ఉంటుంది. ధర్మాన్ని అబద్ధమనేవాడెవడో చూశావా అని అడిగి, అనాథను నెట్టివేసేవాడు, పేదకు అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడు అని తనే చెబుతుంది. ఆ పైన, తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండి, పదిమందికి చూపించుకోవడానికే చేస్తూ, మాఊన్ ఇవ్వని నమాజీలకు వినాశం ఉందంటుంది. మాఊన్ అంటే ఏమిటో సహాబీలు (దైవప్రవక్త అనుచరులు) వివరించారు: ఇరుగుపొరుగులు ఒకరికొకరు ఎరువిచ్చుకొనే వంటగిన్నె, చేద లాంటివి. మన గల్లీల్లో అయితే ఎండాకాలం బోరు ఎండిపోయినప్పుడు పక్కింటివారికి పట్టుకోనిచ్చే నాలుగు బిందెల నీళ్ళు. ఆ నాలుగు బిందెలు ఇవ్వనివాడి నమాజును గురించి ఖుర్ఆన్ అంత మాట అన్నదంటే, నిరుటి కూలి ఆపినవాడి సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు మార్కెట్ సంగతి. నేను పనిచేసిన దుకాణం పేరు చెప్పను. యజమాని భక్తిపరుడు. అజాన్ వినబడితే కాంటా ఆపించి మమ్మల్నందరినీ వెంటబెట్టుకొని నమాజుకు పోయేవాడు. అదే దుకాణంలో మిర్చి బస్తాకు రెండు కిలోలు తరుగు పేరుతో తీసేవాళ్ళు. దడ్వాయి (తూకం వేసేవాడు) తూకం అరిచేవాడు, నేను తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) మీద ఆ రెండు కిలోలు తగ్గించి రాసేవాణ్ణి. శాంపిల్ పేరుతో బస్తాల్లోంచి తీసిన మిర్చిలో గుమాస్తాలకూ వాటా ఉండేది. సీజను ఆఖరుకు మా ఇంటికి ఒక బస్తా మిర్చి చేరేది. అది మామూలే అనుకున్నాను. అందరూ తీసుకొనేదే కదా అనుకున్నాను.

ఒక మార్చి నెల మధ్యాహ్నం జొహర్ నమాజు చేసుకొని వచ్చి కూర్చున్నాను. ముంజేతుల మీద వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కోవడం) నీళ్ళు ఇంకా ఆరలేదు. రేగొండ వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయన తన పద్నాలుగు బస్తాల పక్కన నిలబడి ఉన్నాడు. నేను కలం తీయగానే దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా, "ఇప్పుడే నమాజు చేసుకొని వచ్చిండ్రు గద సారూ, జెర ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి" అన్నాడు. ఆయన నన్ను ఎత్తిపొడవలేదు. నమాజు చేసినవాడు తప్పు రాయడని నిజంగానే నమ్మి అడిగాడు. నేను ఇరవై ఎనిమిది కిలోలు తగ్గించి రాశాను. చదువు రాని ఆ మనిషి కాగితం మడిచి జేబులో పెట్టుకొని, నాకు దండం పెట్టి వెళ్ళాడు.

ఆ రాత్రి మస్జిద్‌లో ఇమాము గారు 83వ సూరా అల్ ముతఫ్ఫిఫీన్ చదివారు. తూకాల్లో మోసం చేసేవారికి వినాశం ఉంది, వారు ఇతరుల నుంచి కొలిచి తీసుకొనేటప్పుడు నిండుగా తీసుకుంటారు, ఇతరులకు కొలిచిగాని తూచిగాని ఇచ్చేటప్పుడు తగ్గిస్తారు. ఇదివరకు ఎన్నోసార్లు విన్న సూరానే. ఆ రోజు మాత్రం అందులో నా చేతిరాత కనబడింది. ఆ సీజను పూర్తయ్యాక పని మానేశాను. ఆ తర్వాత చేసిన దాని సంగతి చివర చెబుతాను, మీ చాచాకు అది అక్కరకు రావచ్చు.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులోకి చెయ్యి పోనిచ్చారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందన్నాడు అమ్మేవాడు. మరి జనానికి కనబడేలా తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేవాడు నావాడు కాడు అన్నారు. ఇది ఇమామ్ ముస్లిం కూర్చిన హదీసు గ్రంథంలో ఉంది. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గిస్తారని, 12 దాటితే కొనరని మీ చాచాకు బాగా తెలుసు. ఆయన పత్తిలోకి ఎవరు చెయ్యి పోనిస్తారో, ఎంత జాగ్రత్తగా ఆరబెట్టుకోవాలో ఆయనకు ఒకరు చెప్పనక్కర లేదు. మనిషి లెక్కల్లోకి కూడా అలాగే ఒక చెయ్యి దిగుతుందని ఈ హదీసు చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

అదే గ్రంథంలో మరో మాట ఉంది. దివాలా తీసినవాడెవడో తెలుసా అని దైవప్రవక్త (స) అనుచరులను అడిగారు. డబ్బూ సరుకూ లేనివాడని వారన్నారు. మన మార్కెట్ భాషలో 'ఐపీ పెట్టినవాడు' అని అందాం. నా సమాజంలో దివాలా తీసినవాడు ప్రళయదినాన నమాజులతో, ఉపవాసాలతో, జకాత్‌తో వస్తాడు, కాని ఒకరిని తిట్టి, ఇంకొకరి మీద నింద వేసి, ఇంకొకరి సొమ్ము తిని, ఇంకొకరిని కొట్టి వచ్చి ఉంటాడు అన్నారు ఆయన. అతడి పుణ్యాలు ఒక్కొక్కటిగా బాధితులకు పంచుతారు. అవి అయిపోయాక కూడా బాకీ మిగిలితే వారి పాపాలు అతడి మీద వేసి నరకంలో పడేస్తారు. ఈ మనిషికి ఈమాన్ లేదని హదీసు అనలేదు, అతడి నమాజు నకిలీదని కూడా అనలేదు. నిజమైన నమాజే అప్పులవాళ్ళకు జమ అయిపోయింది.

హజ్ సంగతి కూడా ఇంతే. సరిగ్గా హజ్ చేసినవాడు తల్లి కన్ననాటిలా తిరిగి వస్తాడన్న హదీసు నిజం. అయితే మనుషులకు చెందాల్సిన హక్కులు, అంటే హుఖూఖుల్ ఇబాద్, వారికి చెల్లించేవరకు లేదా వారు మాఫ్ చేసేవరకు మెడమీదే ఉంటాయని పండితులు చెబుతూ వచ్చారు. దైవమార్గంలో ప్రాణమిచ్చిన షహీద్‌కు కూడా అప్పు తప్ప మిగిలిన పాపాలన్నీ క్షమించబడతాయని హదీసు ఉన్నప్పుడు, హాజీకి మినహాయింపు ఎక్కడిది? మన దగ్గర జనాజా (అంత్యక్రియల) నమాజు మొదలుకాక ముందు ఇంటి పెద్ద ముందుకు వచ్చి, మరహూమ్ (చనిపోయినవారు) ఎవరికైనా బాకీ ఉంటే మాతో చెప్పండి, మేము తీరుస్తాం అని అడుగుతాడు కదా. మదీనాలో ఒక శవం ముందుకు వచ్చినప్పుడు, మూడు దీనార్ల బాకీ ఉందని తెలిసి, మీరే నమాజు చేయండని దైవప్రవక్త (స) పక్కకు తప్పుకున్నారు. అబూ ఖతాదా (ర) ఆ బాకీ తన మీద వేసుకున్నాకే నమాజు చేయించారు. ఇక కూలి విషయంలో అయితే హదీసు సూటిగా ఉంది. ప్రళయదినాన ముగ్గురికి నేనే ప్రత్యర్థిగా నిలబడతానని అల్లాహ్ అన్నట్టు బుఖారీలో ఉంది: నా పేరు మీద మాట ఇచ్చి తప్పినవాడు, స్వతంత్రుణ్ణి అమ్మి ఆ ధర తిన్నవాడు, కూలికి పెట్టుకొని పూర్తిగా పని చేయించుకొని కూలి ఇవ్వనివాడు.

మీ దోస్తు మాటకు వస్తాను. అతడు మీ ఇంటి తప్పును చూసి మాట్లాడాడు కనుక అతడి మీద కోపం తెచ్చుకోకండి. ఇస్లాం మంచిపనిని ఎవరు చేసినా తీసిపారేయదు. దైవప్రవక్త (స) ప్రవక్త కాకముందు మక్కాలో జరిగిన ఒక సంగతి చూడండి. యెమెన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి దగ్గర మక్కా పెద్ద ఒకడు సరుకు తీసుకొని డబ్బు ఎగ్గొట్టాడు. ఆ అన్యాయం చూసి కొందరు పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమై, బాధితుడు ఎవడైనా సరే వాడి హక్కు వాడికి ఇప్పించేదాకా కలిసి నిలబడతామని ప్రమాణం చేశారు. దీన్నే హిల్ఫుల్ ఫుజూల్ అంటారు. వారిలో ముస్లిం ఎవరూ లేరు, అప్పటికి ఇస్లామే రాలేదు. ఇస్లాం వచ్చాక కూడా ఆ ఒప్పందం పేరు మీద నన్ను పిలిస్తే వెళతాను అన్నారు దైవప్రవక్త (స). ఎగ్గొట్టిన బాకీ మీద పుట్టిన ఈ ప్రమాణం మీ దోస్తూ, మీ చాచా ఇద్దరూ వినదగినది.

అయితే విశ్వాసం అక్కర్లేదన్న మాటను ఇస్లాం ఒప్పుకోదు, ఆ సంగతిని మెత్తగా చెప్పి దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఆ అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ బంధుత్వాలు నిలిపేవాడు, పేదలకు అన్నం పెట్టేవాడు కదా, అది పరలోకంలో అతడికి పనికొస్తుందా అని దైవప్రవక్త (స) భార్య ఆయిషా (ర) అడిగారు. పనికిరాదు, ప్రభూ, తీర్పుదినాన నా తప్పు క్షమించు అని అతడు ఒక్కరోజూ అనలేదు అన్నది దైవప్రవక్త (స) జవాబు. ఎవరి కోసం చేశామన్నది ఇస్లాంలో పనిలో సగం. 'కర్మలు సంకల్పాలను బట్టే' అన్న హదీసుతోనే బుఖారీ గ్రంథం మొదలవుతుంది. ఆ జవాబు వినగానే మన పక్కింటివాళ్ళ పరలోకం మీద తీర్పులు చెప్పడానికి పూనుకోకూడదు. సందేశం సరైన రూపంలో చేరనివారి సంగతి వేరని 1111లో మరణించిన ఇమామ్ గజాలీ వివరంగా రాశారు. ఎవరి హృదయంలో ఏముందో తూచే పని అల్లాహ్‌ది. మీ దోస్తు పట్ల మీ పని, న్యాయంగా, మంచిగా ఉండడం.

సంకల్పం చెడితే విశ్వాసి చేసిన మంచిపని కూడా నిలవదు. రెండో సూరా 264వ ఆయత్‌లో, ఇచ్చి ఎత్తిపొడిచేవారి, మనసు నొప్పించేవారి దానాన్ని నున్నటి బండ మీది మట్టితో పోల్చారు. ఒక్క పెద్ద వాన పడితే బండ మిగులుతుంది. మన బండల మీద వాన పడగా చూసినవారికి ఈ పోలిక వేరే వివరించనక్కర లేదు. రంజాన్‌లో రేషన్ కిట్టు అందుకొంటున్న ముసలమ్మ ముఖం వాట్సాప్ స్టేటస్‌లో కనబడినప్పుడల్లా నాకు ఈ ఆయతే గుర్తుకొస్తుంది. ఆ కిట్టుతో ఆమె ఇల్లు నెలరోజులు గడుస్తుంది, అది నిజమే. కాని ఆ ఫొటో ఆమె కోడలి ఫోనుకు కూడా చేరుతుంది.

ఇన్ని చెప్పాక, కర్మలతో స్వర్గాన్ని కొనుక్కుంటామన్న భ్రమ కూడా వద్దు. ఎవరి కర్మా అతణ్ణి స్వర్గానికి చేర్చలేదు, అల్లాహ్ కారుణ్యం కప్పితే తప్ప నన్ను కూడా అని దైవప్రవక్త (స) స్వయంగా అన్నారు. మీ చాచా ఆశ పెట్టుకున్న కారుణ్యం అదే, అది ఉన్నది నిజమే. కాని ఆశకూ భ్రమకూ తేడాను ఇమామ్ గజాలీ రైతు పోలికతో చెప్పారు. మంచి నేలలో మంచి విత్తనం వేసి, నీరు పెట్టి, కలుపు తీసి, ఆపైన దైవానుగ్రహం కోసం ఎదురుచూసేవాడిది ఆశ. చౌడు నేలలో గింజలు చల్లి, మళ్ళీ అటువైపు చూడకుండా పంట కోసం ఎదురుచూసేవాడిది భ్రమ. మృగశిర కార్తె దాటాక మొగులు వైపు చూసే రైతులు ఊరంతా ఉంటారు. అందులో దుక్కి దున్నినవాడెవడో, దున్ననివాడెవడో మీ చాచా చూపుతోనే పోల్చగలరు.

ఇక చేయాల్సిన పని. ఆయనతో వాదించకండి, పదిమంది ముందు అసలే అడగకండి. మగ్రిబ్ (సాయంత్రపు) నమాజు తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు పత్తి ఏరిన రోజుల లెక్క రాసిన నోటుబుక్కు తీసుకొని పక్కన కూర్చోండి. ఎవరు ఎన్ని కిలోలు ఏరారో, ఎంత ఇచ్చారో, ఎంత మిగిలిందో మీరే రాసిపెట్టండి. చాలాసార్లు మనిషిని ఆపేది దురాశ కాదు, మొత్తం ఎంతయిందో తెలియని భయం. ఒకేసారి ఇవ్వలేకపోతే ఆ సంగతి కూలీల ఇంటికి వెళ్ళి చెప్పి, గడువు అడిగి, వారు ఒప్పుకుంటే వాయిదాల్లో ఇవ్వవచ్చు. ఆలస్యానికి మాఫీ కూడా అడగాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈ బాకీ జకాత్ కింద చెల్లదు, జకాత్ వేరు, కూలి వేరు, దీన్ని దానంలా ఇవ్వకూడదు. చనిపోయినవారి సొమ్ము వారి వారసులకు ఇవ్వాలి.

నేను పని మానేశాక పాత తక్‌పట్టీల నకళ్ళు ముందు వేసుకొని, నా వాటాగా ఇంటికి వచ్చిన మిర్చి విలువ లెక్క కట్టాను. బస్సుల్లో, సైకిల్ మీద ఊళ్ళు తిరిగాను. కొందరు దొరికారు, కొందరు తీసుకున్నారు, కొందరు చాయ్ తాగించి వద్దన్నారు. రేగొండ పెద్దాయన అప్పటికి లేడు. ఆయన కొడుకుకు ఇచ్చి, ఎందుకిస్తున్నానో చెప్పి వచ్చాను. ఎంత వెతికినా జాడ తెలియనివారి సొమ్మును వారి పేరు మీద సదఖా (దానం) చేయాలని, తర్వాత ఎప్పుడైనా వారు వచ్చి అడిగితే మళ్ళీ మన జేబులోంచి ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలని హనఫీ పండితులు చెబుతారు. నేను అలాగే చేశాను. మీ చాచా దగ్గర పనిచేసినవారిలో బయటి ఊళ్ళనుంచి వచ్చి వెళ్ళిపోయినవారు ఉంటే మొదట మేస్త్రీ ద్వారా వెతికించండి. దొరకకపోతే వారి పేరు మీద సదఖా చేసి, నోటుబుక్కులో ఆ పేరు కొట్టేయకుండా అలాగే ఉంచండి.